డాక్టరు గారి రెండు మాస్కులు

ఆ రోజు పొద్దున పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. మొదటి పేషెంటు రాకముందే క్లినిక్కు చేరుకోవాలి, కుర్చీలో కాళ్ళు చాపుకుని ఒక కప్పు కాఫీ ప్రశాంతంగా తాగాలి. పెళ్ళయిన మగవాడు ఇంతకంటే పెద్ద కోరికలు కోరుకోకూడదని ఆయనకు ఎప్పుడో తెలిసిపోయింది. కానీ సాక్సుల్లో ఒకటి కనపడలేదు. అది వెతికేసరికి కాఫీ తాగాల్సిన సమయం కాస్తా మంచం కిందే గడిచిపోయింది.

నేల మీద నడిచేటప్పుడు ఆయనంత మెతక మనిషి ఇంకొకరు ఉండరు. పంటికి సూది గుచ్చే ముందు పేషెంటుకు ఒకసారి, పంటికి ఒకసారి క్షమాపణ చెప్పుకునే రకం. పొట్ట తగ్గుతుందని సైకిలు కొన్నప్పటినుంచి మాత్రం ఆయనలో ఇంకో మనిషి బయలుదేరాడు. ఆ మనిషి లెక్క ప్రకారం ఎర్ర లైటు కార్ల కోసం, వన్ వే మోటారు బళ్ళ కోసం, ఫుట్‌పాత్ తొందరలో ఉన్నవాళ్ళ కోసం. సైకిలు గంట తుప్పు పట్టి మూగబోతే బాగుచేయించలేదు. "పక్కకి! పక్కకి!" అని అరిస్తే జనం ఇంకా త్వరగా జరుగుతున్నారని కనిపెట్టాడు.

"సైకిలెక్కితే మీరు మీరు కాదండీ," అంది భార్య, గుమ్మంలో పసుపురంగు హెల్మెట్ అందిస్తూ. "ఎవర్నో ఒకర్ని గుద్దేదాకా మీకు బుద్ధి రాదు."

"సైకిలుతో గుద్దితే ఎవరికేమవుతుందే? అదేమన్నా లారీయా?" అని నవ్వి డాక్టరు పెడల్ తొక్కాడు.

వన్ వేలో ఎదురు వెళ్ళాడు. ఎదురొచ్చిన వ్యానువాడు హారన్ కొడితే వాడికేసి గుర్రుగా చూశాడు. మలుపు దగ్గర కార్లు బారులు తీరి ఉండడంతో బేకరీ ముందున్న ఫుట్‌పాత్ ఎక్కేశాడు. అంత దూరంలో సిగ్నల్ పసుపులోకి మారింది. ఎర్రబడేలోపు దాటేయాలని తల వంచి, "పక్కకి!" అని అరిచాడు. అదే క్షణంలో హ్యాండిల్‌కు మెత్తగా ఏదో తగిలింది. వెనకనుంచి "అమ్మో!" అని ఒక ఆడగొంతు. ఆ వెంటనే ఏదో స్టీలు సామాను రాయి మీద పడి దొర్లుకుంటూ పోయిన చప్పుడు.

ఆగాలనే అనుకున్నాడు. చెయ్యి బ్రేకు దాకా వెళ్ళింది కూడా. కానీ కాళ్ళు మాత్రం తొక్కుతూనే ఉన్నాయి. ఎర్ర లైటు దాటాడు, రెండు వీధులు దాటాడు, అప్పుడు గానీ తలతిప్పి చూసే ధైర్యం రాలేదు. అంత దూరం నుంచి చూస్తే ఏం కనిపిస్తుంది? ఏమీ కనిపించకపోవడమే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది. కనిపించని చోట పడ్డ మనిషి నిమిషానికో రకంగా పడుతోంది. ఒకసారి మోకాలు చీరుకుంది, ఒకసారి తుంటి విరిగింది, క్లినిక్కు చేరేసరికి తల పగిలి అంబులెన్సు ఎక్కేసింది.

డాక్టరు సైకిలును వెనక స్టోరు గదిలోకి తోసి, దాని మీద దుప్పటి కప్పాడు. హెల్మెట్ ఎక్కడ దాచాలో తోచక, పరికరాలు ఉడకబెట్టే స్టెరిలైజర్ వెనక ఇరికించాడు. కాఫీ కలుపుకున్నాడు గానీ కప్పు సాసర్ మీద టకటకమంటుంటే ఆ చప్పుడుకే ఉలిక్కిపడి కింద పెట్టేశాడు. 

కాసేపటికి తలుపు తోసుకుని రిసెప్షనిస్టు వచ్చింది. క్లినిక్కు పెట్టిన నాటినుంచి ఉన్న మనిషి. అపాయింట్‌మెంట్ లేకుండా దేవుడొచ్చినా బెంచీ మీద కూర్చోబెట్టే రకం.

"సార్, అర్జెంటు కేసు. ముసలావిడ, ముందుపన్ను విరిగింది. పొద్దున బేకరీ మలుపులో ఎవడో సైకిలు వెధవ గుద్దేసి పారిపోయాడట."

డాక్టరు స్టెరిలైజర్ వైపు ఒక చూపు వేశాడు. "పా... పారిపోయాడా?"

"వెనక్కైనా చూళ్ళేదట సార్. మనిషన్నవాడు ఆగుతాడు కదా?" అని, ఆయన మొహంలోకి ఒక్క క్షణం చూసి, "కొడుకు కూడా వచ్చాడు. ట్రాఫిక్ పోలీసు. యూనిఫాంలోనే ఉన్నాడు," అంది.

డాక్టరు చేతికందిన మాస్కు తగిలించుకున్నాడు. అది చాలదనిపించి దానిమీద ఇంకొకటి తగిలించాడు. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు, తలకు టోపీ లాక్కున్నాడు. అద్దంలో చూసుకుంటే ఆయన్ని కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. కానీ గొంతో? పొద్దున అరిచిన గొంతు ఆ ముసలావిడ చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంటుంది కదా!

ఆవిడ వచ్చి కుర్చీలో ఒదిగి కూర్చుంది. పిట్టంత మనిషి. వెనకాల గుమ్మం పట్టనంత కొడుకు. "డాక్టరు గారూ, పన్ను సంగతి సరే, ముందు ఇది పడ్డ దెబ్బేనని ఒక కాగితం రాసివ్వండి. వాణ్ణి పట్టుకున్నాక కేసు గట్టిగా నిలబడాలి," అన్నాడు.

"అలాగే," అన్నాడు డాక్టరు గుసగుసగా.

"గొంతుకేమైంది?"

"జలుబు," అన్నాడు ఇంకా గుసగుసగా.

"సార్‌కి గొంతు పోయిందండీ," అని రిసెప్షనిస్టు బయట కూర్చున్నవాళ్ళకు సాయంగా చెప్పింది.  బయట కుర్చీలు జరిగిన చప్పుడు. రెండు మాస్కులు పెట్టుకుని మాట్లాడలేకపోతున్న డాక్టరు చేత నోట్లో చెయ్యి పెట్టించుకోవడం అంత అవసరమా అని పంటినొప్పి వాళ్ళంతా ఆలోచనలో పడ్డారు. ఒక్కొక్కరే లేచి, నొప్పి తగ్గినట్టుందంటూ వెళ్ళిపోయారు.

డాక్టరు కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. తన ఉరితాడు తానే పేనుకోవడం అంటే ఇదే కాబోలు అనుకున్నాడు. ఒక్క వాక్యంలో అక్షరాలు నాలుగు దిక్కులకూ పారిపోయాయి.

"వాడెలా ఉంటాడో ఇంకోసారి చెప్పమ్మా," అన్నాడు కొడుకు.

"పొడుగ్గా ఉంటాడు," అంది ముసలావిడ.

డాక్టరు పొట్టి. ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నాడు. కానీ సైకిలు మీద కూర్చుంటే ఎవరైనా పొడుగ్గానే కనిపిస్తారు కదా! ఊపిరి మళ్ళీ ఆగిపోయింది.

"గడ్డం ఉంది," అందావిడ. డాక్టరు మాస్కు మీదనుంచే గడ్డం తడుముకున్నాడు. పొద్దున్నే గీసుకున్నాడు. అయినా సరే, ఉందేమోననిపించింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అన్న మాట ఆయన చిన్నప్పటినుంచి వింటున్నాడు గానీ, దొంగ భుజం ఎంత బరువుగా ఉంటుందో ఆ రోజే తెలిసింది.

"నోరు తెరవండి," అని సైగ చేశాడు. ఆవిడ తెరిచింది. ముందుపన్ను సగానికి విరిగింది. పెదవి మీద చిన్న గీత కూడా లేదు, చిగురు వాయలేదు. దవడ పన్ను సందులో తేనెరంగులో ఏదో జిగురుగా అంటుకుని ఉంది. మామూలు రోజైతే పళ్ళ కాలేజీలో మొదటి ఏడు చదివిన పిల్లకు తట్టే సంగతి ఆయనకు తట్టకపోయేది కాదు. ఆ రోజు ఆయనకు తట్టింది ఒక్కటే. ఈ నోరు ఎప్పుడు మూసుకుంటే ఏం చెబుతుందో! అందుకని ఒక దూది ఉండ తీసి దవడకు ఆనించి గట్టిగా అదిమిపెట్టాడు. ఆవిడ వణుకుతోంది. 

కొడుకు జేబులో ఫోను మోగింది. బేకరీ వాడిని కెమెరాలో పడ్డది పంపమని దారిలోనే చెప్పి వచ్చాడట.

"దొరికాడు!" అని అరిచాడు కొడుకు. "ఫుట్‌పాత్ మీదే పోతున్నాడమ్మా! పసుపు హెల్మెట్!"

ఆ మాటకు ముసలావిడ కళ్ళు తేలేసి, మిగిలిన పళ్ళన్నీ ఒక్కసారిగా బిగించింది. వాటి మధ్య డాక్టరు వేలుంది. ఆయన అరవాలి. కానీ అరిస్తే పొద్దుటి గొంతు బయటపడుతుంది. తేలు కుట్టిన దొంగలా, కళ్ళనిండా నీళ్ళతో, నేల మీద ఒక కాలు టపటపా కొట్టుకుంటూ నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే రిసెప్షనిస్టు లోపలికొచ్చింది. రెండు చేతులతో పసుపు హెల్మెట్ పట్టుకుని ఉంది.

"సార్, ఇది స్టెరిలైజర్ వెనక ఉందేంటండీ?"

 కొడుకు హెల్మెట్ వంక చూశాడు, ఫోను వంక చూశాడు, మెల్లగా డాక్టరు వంక తిరిగాడు. డాక్టరు రెండు మాస్కులూ పీకి పారేసి, ముసలావిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"నేనేనమ్మా! ఆ సైకిలు వెధవని నేనే! ఆగుదామనుకున్నానమ్మా, భయమేసింది! ఆగితే మీరెలా పడి ఉన్నారో చూడాల్సొస్తుందని పారిపోయాను. పన్ను నేనే కట్టిస్తాను, నోరంతా కట్టిస్తాను, నన్ను మాత్రం..."

ముసలావిడ దూది ఉండ పక్కకు ఉమ్మింది. 

"నువ్వేంటి నాయనా? నువ్వెలా అవుతావు? అసలు ఎవడూ లేడే!"

"ఎవడూ లేడేంటమ్మా?" అన్నాడు కొడుకు.

ఆవిడ నాలిక కరుచుకుంది. ముందుపన్ను సగమే ఉండడంతో అదీ సరిగ్గా కుదరలేదు. "అంటే... బేకరీలో రెండే రెండు టాఫీలు కొన్నాన్రా. ఒకటి కొరికితే పన్ను విరిగింది. షుగరు పెట్టుకుని టాఫీలేంటని నువ్వు కేకలేస్తావని... తప్పంతా దోవనపోయే సైకిలు మీదకి తోసేశాను. రోజూ వాళ్ళు గుద్దుతూనే ఉంటారుగా, ఒక్కసారి గుద్దకపోయినా గుద్దాడంటే తప్పేముంది? నువ్వు నిజంగా ఒకణ్ణి పట్టుకొస్తావని నేను కలగన్నానా? దొరికాడు అనగానే నాకు చెమటలు పట్టాయి. ఏ పాపమెరగనివాడు బలైపోతాడోనని!"

డాక్టరుకు ప్రాణం లేచొచ్చింది. నేల మీద కూర్చునే నవ్వబోయాడు. సగం నవ్వు వచ్చాక ఆగిపోయింది. హ్యాండిల్‌కు తగిలింది టాఫీ కాదు. "అమ్మో" అన్నది టాఫీ కాదు.

"మరి నేను గుద్దింది ఎవర్ని?" అన్నాడు.

కొడుకు ఫోను కిందికి వంచి ఇద్దరికీ కనిపించేలా పట్టుకున్నాడు. చిన్న తెర మీద పసుపు హెల్మెట్ దూసుకొచ్చింది. ముందు నడుస్తున్న ఒకావిడ మోచేతికి హ్యాండిల్ తగిలింది. ఆవిడ పక్కకు పడింది, లంచ్ బాక్స్ దొర్లుకుంటూ పోయి డ్రైనేజీ జాలీ దగ్గర ఆగింది. ఆవిడ చాలాసేపు లేవలేదు. చేత్తో నేలను పట్టుకుని, సైకిలు పోయిన వైపే చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి, కుంటుకుంటూ బాక్స్ తీసుకుని, కెమెరా వైపు తిరిగింది.

డాక్టరు తల పైకెత్తాడు. గుమ్మంలో ఆవిడే హెల్మెట్ పట్టుకుని నిలబడి ఉంది. రోజూ తనకంటే ముందే వచ్చే మనిషి ఈ రోజు తన తర్వాత ఎందుకొచ్చిందో ఆయన అడగనే లేదు. పొడుగు చేతుల స్వెట్టర్ మోచేతి దగ్గర చిరిగి ఉండడమూ చూడలేదు.

"నువ్వా?" అన్నాడు. గొంతు ఈసారి నిజంగానే పోయింది.

"నేనే సార్. బాక్సు మూత ఇంకా దొరకలేదు."

"పొద్దున్నే చెప్పచ్చు కదమ్మా!"

"మీరే చెబుతారేమోనని చూశాను సార్. ఇన్నేళ్ళుగా వింటున్న గొంతు, ఒక్క కేకకే తెలిసిపోయింది. పడ్డప్పుడు కూడా పెద్దగా నొప్పి అనిపించలేదు. మా సార్ కదా, ఇప్పుడాగుతారు, ఇప్పుడు తిరిగొస్తారు అని అక్కడే కూర్చున్నాను. రాలేదు. అప్పుడు మొదలైంది నొప్పి."

 పొద్దుటినుంచీ డాక్టరు ఎన్ని రకాల భయాలు పడ్డాడో! పోలీసుకు భయపడ్డాడు, కెమెరాకు భయపడ్డాడు, ఆఖరికి గడ్డానికి కూడా భయపడ్డాడు. పడ్డ మనిషి ఎలా ఉందోనన్న భయం మాత్రం వాటి అడుగున ఎక్కడో నలిగిపోయింది. లేచి, ముసలావిణ్ణి స్టూలు మీదకు మార్చి, రిసెప్షనిస్టును పేషెంట్ల కుర్చీలో కూర్చోబెట్టి, మోచెయ్యి కడిగాడు. "తప్పయిపోయింది," అన్నాడు. గాయానికి ఒకసారి, మనిషికి ఒకసారి కాదు. ఈసారి మనిషికే చెప్పాడు.

"కేసు పెడతారామ్మా?" అని అడిగాడు కొడుకు.

డాక్టరు ఊపిరి బిగబట్టాడు. స్టూలు మీద కూర్చున్న ముసలావిడ కూడా బిగబట్టింది. కేసుల ప్రసక్తి వస్తే తన టాఫీల సంగతి ఎక్కడిదాకా పోతుందోనని ఆవిడ బాధ ఆవిడది.

"కేసొద్దు బాబూ," అంది రిసెప్షనిస్టు. "రేపట్నుంచి రోడ్డు మీద పొమ్మనండి. ఎర్ర లైటు పడితే ఆగమనండి. అంతే."

"రేపు ఆ సిగ్నల్ దగ్గర నేనే ఉంటా," అన్నాడు కొడుకు, తల్లి చేతిసంచిలోంచి రెండో టాఫీ తీసి తన జేబులో వేసుకుంటూ.

మర్నాడు పొద్దున డాక్టరు ముందుగానే బయలుదేరాడు. వన్ వేలోకి తిరగలేదు, చుట్టు తిరిగి వెళ్ళాడు. ఫుట్‌పాత్ ఎక్కలేదు. బేకరీ మలుపు దగ్గర లైటు పసుపులోకి మారగానే కాళ్ళు పాత అలవాటు కొద్దీ బిగుసుకున్నాయి గానీ, రెండు బ్రేకులూ గట్టిగా పట్టి, సరిగ్గా తెల్లగీత ముందు ఆగాడు. జీవితంలో మొదటిసారి.

వెనకనుంచి వస్తున్న సైకిలు నేరుగా వచ్చి ఆయన్ని గుద్దింది. డాక్టరు బోర్లాపడ్డాడు. మోకాలు చీరుకుంది, నోట్లో ఏదో ఉప్పగా తగిలింది. తలతిప్పి చూసేసరికి, గుద్దిన పెద్దమనిషి పారిపోలేదు. పాపం, సైకిలు దిగి మరీ ఆయన్ని లేవనెత్తి, దుమ్ము దులిపి, ఎంతో ఆశ్చర్యంగా అడిగాడు.

"అలా ఆగిపోయారేంటండీ? ఈ ఊరికి కొత్తా?"