తడి తువ్వాలులో పొట్లం

రూపనగుడి రైతు హొన్నూరప్ప ఆ ఉదయం అనుకున్న పని చాలా చిన్నది. బళ్లారికి పోవాలి, మిరపచేనుకు మందు తేవాలి, పొద్దు గూకే వేళకు కొట్టాలి. ఈసారి కూడా పంట పురుగుపాలైతే చేనును ఖనిజం లారీలు నిలుపుకోవడానికి ఇచ్చేద్దామని భార్య ఉచ్చంగెమ్మ తేల్చి చెప్పింది. తాత దున్నిన నేల మీద లారీలు నిలబడతాయన్న తలపుతో హొన్నూరప్పకు అన్నం సహించడం లేదు.

వ్యవసాయ ఆఫీసులో పనిచేసే హనోకు గోధుమరంగు పొడి పొట్లం ఒకటి చేతికిచ్చాడు.

"ఇది విషం కాదప్పా. మట్టిలో ఉండే సూక్ష్మజీవి. ఎండ తగిల్తే సచ్చిపోతాది. సల్లగా పెట్టుకో, సాయంత్రం కొట్టు."

పురుగు రెండు మూడు రోజులకు గానీ చావదని కూడా హనోకు చెప్పాడు. అప్పటికే హొన్నూరప్ప బస్సు వెంట పరుగెడుతున్నాడు.

పోయినేడు నకిలీ మందు కొట్టి నవ్వులపాలైన మనిషి. పురుగును చంపడానికి పురుగునే కొనుక్కొస్తున్నాడని తెలిస్తే ఊరు ఊరుకుంటుందా? పొట్లాన్ని తడి తువ్వాలులో చుట్టి ఒళ్లో దాచుకున్నాడు. పక్క సీట్లో గనుల ఏజెంటు కెంచప్ప ఉన్నాడు.

"ఏందప్పా అది?"

"సుమ్నె, ఊరికే. ఏం లేదు."

"ఏం లేకుంటే తడిగుడ్డ యాల చుట్టినావు?"

హొన్నూరప్ప కిటికీ వైపు తిరిగిపోయాడు. తువ్వాలు అంచు నుంచి కాస్త పొడి కెంచప్ప మోకాలి మీద రాలింది. ఆ రోజుల్లో బళ్లారి జిల్లాలో పొడిని దాచుకునేవాడు ఏం దాస్తున్నాడో పసిపిల్లలకు కూడా తెలుసు. చేలో ఖనిజం పడింది, పట్నంలో పరీక్ష చేయించుకొస్తున్నాడు. బస్సు దిగేలోపే కెంచప్ప నలుగురికి ఫోన్లు చేశాడు.

సాయంత్రం హొన్నూరప్ప మందు కొడుతుంటే గట్టు నిండా జనం. ఎండ పోయేదాకా ఆగి చేలోకి దిగడంతో, మందు వట్టి నెపమేనని వాళ్ల అనుమానం కాస్తా రూఢి అయింది. తెల్లవారి చూస్తే పురుగులు హాయిగా పాకుతున్నాయి. హొన్నూరప్ప గట్టు మీదే కూలబడి ఏడ్చాడు. కెంచప్ప వచ్చింది అప్పుడే.

"చేను నాకియ్యప్పా. రేటు నువ్వే చెప్పు."

"రెండు దినాలు తాళప్పా," అన్నాడు హొన్నూరప్ప, వదులుకోలేక.

కెంచప్ప దాన్ని బేరమనుకుని రేటు పెంచాడు. హొన్నూరప్ప తల అడ్డంగా ఊపితే ఇంకా పెంచాడు. దుఃఖంతో నోరు పెగలకపోతే మరీ పెంచాడు. తన మొగుడికి ఇంత వ్యాపారం తెలుసా అని ఉచ్చంగెమ్మ మురిసిపోయింది. ఆమె పోరు పడలేక చివరికి హొన్నూరప్ప సరేనన్నాడు.

రెండు రోజుల తర్వాత కెంచప్ప జేసీబీని, గనికి డబ్బు పెట్టే సావుకారిని వెంటబెట్టుకొచ్చాడు. సావుకారి చేలోకి దిగి ఒక మొక్క వంచి చూశాడు. పురుగులు నల్లబడి తలకిందులుగా వేలాడుతున్నాయి. ఇంకో మొక్క వంచాడు. దానికీ అంతే.

"పురుగే బతకని మట్టి ఇది కెంచప్పా. దీంట్లో మనుషుల్ని ఎట్ల దింపేది?"

"మట్టి కాదు సావుకారీ, నేను కొట్టిన మందు," అన్నాడు హొన్నూరప్ప.

"మందైతే ఆ పొద్దే సావాల గదా. ఇన్ని దినాలు ఆగి సస్తాదా యాడన్నా?" అంటూ కెంచప్ప బస్సులో పొడి రాలిన మోకాలిని తెగ దులుపుకున్నాడు. జేసీబీ వచ్చిన దారినే పోయింది. ఉచ్చంగెమ్మ రెండు రోజులు మొగుడితో మాట్లాడలేదు. మిరప కొత్త చిగుళ్లు వేశాక మాట్లాడింది.

తర్వాత సంతలో హనోకు ఎదురయ్యాడు.

"మందు పనిచేసిందా అప్పా?"

"చేసిందన్నా. ఆకు తినేదానికీ, చేను తినేదానికీ."