గ్లాసులో పిస్టన్

బీమా ఆఫీసు గుమాస్తా ఆ ఉదయం సెలవు పెట్టాడు. సాయంత్రం అత్తగారు దిగేలోపు తను చేస్తున్న బుల్లి ఇంజన్ తిరగాలి. తిరిగితే వెనకగది అతనిదే. తిరగకపోతే లేత్ మిషన్ పాత సామాన్లవాడికి, గది అత్తగారికి. షరతు భార్యది.

చిక్కల్లా పిస్టన్ దగ్గర. చిటికెనవేలి గోరంత ఇత్తడి ముక్క. లేత్ మీద చెక్కాడు, ఎమరీ కాగితంతో వారాల తరబడి రుద్దాడు. అయినా సిలిండర్ నోటి దగ్గరే ఆగిపోతోంది. వెంట్రుకవాసి తేడా. ఇంకో రుద్దు రుద్దితే వదులైపోతుందని భయం.

"ఒక్కసారి లోపలికి దూరితే చాలు. తిరగ్గా తిరగ్గా అదే సర్దుకుంటుంది" అన్నాడు.

"ఎక్కడైనా సర్దుకునేది ఒక్కళ్ళే లెండి" అంది భార్య.

చల్లబడితే లోహం ముడుచుకుంటుంది. అతను చడీచప్పుడు లేకుండా పిస్టన్‌ను ఫ్రిజ్‌లో ఐసు ట్రే గడిలో పెట్టి వచ్చాడు. ట్రేలో నీళ్ళు లేవని కాసేపటికి భార్య గడుల్లో ఏముందో చూడకుండానే నింపేసింది.

అత్తగారు మధ్యాహ్నానికే దిగారు. అతను సిలిండర్ వేడి చేసి, పటకారుతో పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తేసరికి ట్రే బోర్లించి ఉంది.

"ఇందులో ఐసేదీ?"

"అమ్మకి నిమ్మరసంలో వేశాను. ఏం, వేడి చేసిందా మీకు?"

హాల్లో గ్లాసు ఖాళీ. అడుగున గింజలు తప్ప ఏమీ లేవు. అత్తగారు సోఫాలో నడుం వాల్చి ఉన్నారు.

"అత్తయ్యగారూ, కడుపులో ఏమైనా బరువుగా ఉందా?"

"ఇప్పుడే కదా వచ్చాను అల్లుడుగారూ. అప్పుడే నా తిండి తూకం వేస్తున్నారా?"

సంగతి విని భార్య డాక్టరుకి ఫోన్ చేసింది. అరటిపళ్ళు పెట్టి కనిపెట్టుకుని ఉండమన్నాడు. అల్లుడు ఒలుస్తున్నాడు, కూతురు అందిస్తోంది. నాలుగో పండు దగ్గర అత్తగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఏమిటీ మర్యాద? నా చేత ఏం రాయించుకుందామని?"

ఆవిడ కునుకు తీశాక అల్లుడు అయస్కాంతం తెచ్చి పొట్టకు జానెడు ఎత్తున తిప్పాడు. కిందకు దించాడు. చీర పిన్నీసు టక్కున అతుక్కుంది. అత్తగారు కళ్ళు తెరిచారు. ఇత్తడిని అయస్కాంతం పట్టదన్న సంగతి అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

"పిస్టనండీ. మీరు మింగారేమోనని..."

అత్తగారు కళ్ళజోడు పెట్టె తెరిచారు. "ఇదేనా? గ్లాసు అడుగున దొరికింది. నల్లగా, జిడ్డుగా. చెబితే మీ ముందు మా పిల్ల పరువు పోతుందని ఊరుకున్నాను. గిన్నెలు తోమే పొడేసి శుభ్రంగా తోమాను."

అల్లుడు దాన్ని అందుకుని వెలుతురులో తిప్పి చూశాడు. వారాల పని గిన్నెల పొడి పాలయింది. ఆశ చావక సిలిండర్‌లో పెట్టి చూశాడు. పిస్టన్ వెన్నలోకి వేలు దిగినట్టు దిగింది.

అతను ఇంజన్ బిగించాక, అది తిరగడానికి కావలసిన గాలి కోసం భార్యే సైకిల్ పంపు కొట్టింది. చక్రం ఒకసారి తటపటాయించి, టకటకమంటూ అందుకుంది. అల్లుడు గంతులేశాడు. భార్య పంపు వదలకుండానే నవ్వింది.

"మాటంటే మాటే. గది మీదే" అంది.

అత్తగారు చక్రం ఆగేదాకా చూసి, చీర చెంగు బొడ్లో దోపారు. "ఇంకా తోమాల్సినవి ఏమున్నాయో అన్నీ పట్రండి. అదేమిటి, ఆ ఆకురాయి అలాగేనా పట్టుకునేది?"

గది అల్లుడికే దక్కింది. అందులో ఉన్న ఒక్క స్టూలు మీద అత్తగారు కూర్చున్నారు.