గోడ మీది గుండె

“ఇకమీదట మన రాష్ట్రంలో పిల్లలు కష్టపడి చదవనక్కర్లేదు. చూస్తే చాలు!” అని విద్యామంత్రిగారు హైదరాబాదులో ప్రకటించిన రోజు సభలో చప్పట్లు ఓ పట్టాన ఆగలేదు. ఇక పాఠాలన్నీ బొమ్మల సినిమాలేనట. గుండె తనంతట తానే తెర మీదికి వచ్చి, పిల్లల కళ్లముందు కొట్టుకుని, రక్తం ఎటు పోతుందో ఎటు వస్తుందో చూపించి, నమస్కారం పెట్టి మరీ వెళ్తుందట. ఇంత చక్కటి ఆలోచన మామూలు మనుషులకు వస్తుందా? మంత్రిగారు కనుక వచ్చింది.

పేపర్లో ఆ వార్త చదివి జహీరాబాద్ మిడిల్ స్కూలు హెడ్మాస్టరు మహాదేవప్ప కూడా సంతోషించాడు. కాకపోతే ఆయనకు కావలసింది ఇంకా పాతకాలపు వస్తువు, ఒక సైన్సు మాస్టరు. ఉన్నాయన రిటైరై రెండేళ్లయింది. అప్పట్నుంచి సైన్సు పీరియడ్‌ని డ్రిల్లు మాస్టరు నర్సప్ప చూసుకుంటున్నాడు. పిల్లలు “సార్, ఊపిరి ఎట్ల తీస్తం?” అని అడిగితే నర్సప్ప “అటెన్షన్!” అంటాడు. నిరుడు ఏడో తరగతి పబ్లిక్ పరీక్షలో క్లాసుకు క్లాసే సైన్సులో తప్పింది. ఈసారీ తప్పితే చాలామంది చదువు అక్కడితో సరి. నాగవ్వ తండ్రి సంగయ్య ఆ మాట మొహం మీదే అనేశాడు.

“పాసైతే చదివిస్త సార్. లేకుంటే నా బిడ్డను కలుపుకు తోల్కపోత. మల్ల నన్నేమనకున్రి.”

క్లాసులో అందరికంటే తెలివైన పిల్ల నాగవ్వ. మహాదేవప్ప సైన్సు మాస్టరును ఇప్పించమని అర్జీ మీద అర్జీ పెట్టాడు. ప్రభుత్వం ఆయన మొర ఆలకించింది. ప్రొజెక్టరు పంపింది.

ప్రొజెక్టరు బ్రహ్మాండంగా ఉంది. బడికి కరెంటు లేదు. ఈ చిన్న విషయం పట్టుకుని మహాదేవప్ప ఇన్‌స్పెక్టర్ మదన్‌మోహన్‌గారి దగ్గరికి వెళ్లాడు.

“కరెంటు లేకుంట ప్రొజెక్టరు ఎట్ల నడుస్తది సార్?”

“మీకన్నీ అనుమానాలే మాస్టారూ,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “పథకానికి ముందు కావలసింది ప్రచారం. పిల్లలు సినిమా చూస్తూ ఉంటారు, వాళ్లు చూడటాన్ని మనవాళ్లు సినిమా తీస్తారు. మంత్రిగారు స్వయంగా తిలకిస్తారు. మీ బడినే సెలెక్ట్ చేశాం. షూటింగ్ బాగా వచ్చిందా, నెల తిరిగేలోగా సైన్సు పోస్టు మీది. నాది హామీ.”

ఆ మాటతో మహాదేవప్ప కరిగిపోయాడు. పోస్టు వస్తుందంటే ఆయన గుర్రంలా సకిలించమన్నా సకిలించేలా ఉన్నాడు.

షూటింగ్ నాడు జీపులోంచి కెమెరా, దీపాలు, జనరేటరు, నల్లకళ్లద్దాల డైరెక్టర్ జగన్‌మోహన్ దిగారు. పిల్లల్ని గోడకెదురుగా కూర్చోబెట్టారు. జనరేటరు దీపాల్ని ధగధగ వెలిగించింది. ప్రొజెక్టరు కూడా తగిలించేసరికి గుర్రుమని ఆగిపోయింది.

“రెండూ మోయదు. ప్రొజెక్టరు తీసేయండి,” అన్నాడు డైరెక్టర్. “దీపాలు లేకపోతే పిల్లల మొహాలు పడవు.”

“మరి పిల్లలేం జూస్తరు సార్?”

“గోడ.”

“గోడ మీద ఏముంటది?”

“గోడ మీద ఏముంటే ఎవడిక్కావాలండీ? మొహాల మీద ఉండాలి! ఎక్స్‌ప్రెషన్!”

మొదటి షాటులో పిల్లలు గోడను గోడలాగే చూశారు. రెండో షాటులో ఒకడు ఆవులించాడు. డైరెక్టర్ తన టోపీని నేలకేసి కొట్టి “ప్యాకప్!” అన్నాడు. రాబోయే సైన్సు మాస్టరు ఆ జీపెక్కి వెళ్లిపోతున్నట్టే అనిపించి మహాదేవప్ప పిల్లల ముందుకు ఉరికాడు.

“అగో బిడ్డా, గోడ మీద గుండె! ఎట్ల కొట్టుకుంటున్నదో జూడున్రి! నాగవ్వా, కనవడ్తున్నదా?”

నాగవ్వ గోడను పరీక్షగా చూసింది. “సున్నం రాల్తున్నది సార్.”

“సున్నం గాదమ్మా, రక్తం. జర మంచిగ జూడు. నువ్వు జూస్తెనే మనకు సైన్సు సారొస్తడు.”

నాగవ్వకు ఇంక ఏమీ విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది. కళ్లు ఇంతంత చేసింది. “అబ్బ, ఎంత పెద్దగున్నదో! అమ్మో, ఇటే వస్తున్నది!” అంటూ వెనక్కి జరిగింది. ఆ పిల్లను చూసి క్లాసంతా కెవ్వుమని వెనక్కి జరిగింది. నర్సప్ప కూడా ఒక అడుగు వెనక్కి వేశాడు. డైరెక్టర్ కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

ఊరి టాకీసులో అసలు సినిమాకు ముందు ఈ సినిమా వేశారు. కోహీర్ నుంచి, న్యాల్‌కల్ నుంచి జనం బండ్లు కట్టుకుని వచ్చారు. తెర మీద బిడ్డను చూసి సంగయ్య మురిసి ముక్కలయ్యాడు.

“ఏం జూసి గంతగనం బుగులు వడ్డవే?”

“సైన్సు నాయినా.”

“గంత దగ్గర్కెల్లి జూసినవ్ గద! ఇగ పాస్ గాకుంటె నీ సంగతి జెప్త.”

ఇన్‌స్పెక్టర్ మాట తప్పలేదు. నెల తిరిగేలోగా ఆర్డరు వచ్చింది. పోస్టు మంజూరైంది, అదే కాగితంలో చేజారింది కూడా. “మంత్రిగారు చిత్రాన్ని తిలకించి చలించిపోయారు. మాస్టరు లేకుండానే ఇంతగా నేర్చుకుంటున్న పిల్లలకు మళ్లీ మాస్టరును వేయడం ప్రజాధనం దుర్వినియోగం అవుతుంది కనుక, సదరు పోస్టును ఏమీ నేర్చుకోని మరొక బడికి తరలించడమైనది.”

మహాదేవప్పకు ఒళ్లు మండిపోయింది. ఉద్యోగం పోతే పీడాపాయె అనుకుని ఇన్‌స్పెక్టర్ బల్ల మీద గుద్దాడు.

“ఆ గోడ మీద ఏం లేకుండె సార్! గుండె లేదు, బొమ్మ లేదు, ఉత్త గోడ! పిల్లలతోని నేనే ఆడిపిచ్చిన. పేపరోళ్లకు జెప్త!”

ఇన్‌స్పెక్టర్ లేచి తలుపు వేశాడు. చాలా మెల్లగా అడిగాడు.

“ప్రొజెక్టరు అసలు నడవలేదా?”

“లేదు సార్.”

“ఫిల్ము?”

“డబ్బ మూత గూడ తియ్యలే.”

“అయినా పిల్లలకు అంత ఏకాగ్రతా! ఇంత గొప్ప విషయం ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్నారా మాస్టారూ!” అంటూ ఇన్‌స్పెక్టర్ ఆయన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు. ఆ చేత్తోనే హైదరాబాదుకు ట్రంకాల్ చేశాడు.

వారం తిరక్కుండా మంత్రిగారు పథకం రెండో దశ ప్రకటించారు: ఇక పిల్లలు ఉత్త గోడ చూస్తే చాలు. ఫిల్ము ఖర్చు ఆదా, ప్రొజెక్టరు ఖర్చు ఆదా, కరెంటు ఊసే అక్కర్లేదు. రాయికోడ్ మొదలుకొని అన్ని బడులకూ విస్తరణ. దారి చూపిన జహీరాబాద్ బడికి మాత్రం కృతజ్ఞతగా ఒక పర్మనెంటు పోస్టు. ప్రొజెక్టరును జీపు వచ్చి తీసుకుపోయింది. పోతే పోయింది, పోస్టు వస్తున్నది కదా అని మహాదేవప్ప ఆ రోజంతా ఎవరు కనిపిస్తే వాళ్లకు చాయ్ తాగించాడు.

పరీక్షలు దగ్గరపడ్డాక ఒక పొద్దున, చేతిలో ఆర్డరు పట్టుకుని ఒకాయన గేటు దగ్గర బస్సు దిగాడు.

“సైన్సు సారొచ్చిండు!” అని పిల్లలు అరుచుకుంటూ ఉరికారు. నర్సప్ప సంతోషం పట్టలేక సెల్యూట్ కొట్టాడు. నాగవ్వ పుస్తకంలో గుండె బొమ్మ ఉన్న పేజీ తీసి పట్టుకుని అందరికంటే ముందు నిలబడింది.

“సార్, పరీక్షకు ఇది వస్తది. ఇయ్యాల్నే జెప్తరా?”

ఆయన ఆ పేజీ వైపు చూసి నవ్వాడు. ఆర్డరు మహాదేవప్ప చేతిలో పెట్టాడు. సంచీలోంచి సున్నం కుంచె బయటికి తీశాడు.

“ఏ గోడ సార్?”