చుక్క లేని సెలవు చీటీ

ఆ శుక్రవారం పొద్దున ఆ ఇంట్లో జరగాల్సిన పని ఒక్కటే. రెండు కాగితాలు రెండు చోట్లకి చేరాలి. పెద్ద కూతురి ఉత్తరం బడికి, తండ్రి సెలవు చీటీ ఆఫీసుకి. ఇంతకన్నా సులువైన పని ఉండదని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. అనుకోవడానికేం పోయింది!

ఇంటాయన ఫ్యాన్లూ కూలర్లూ తయారుచేసే కంపెనీలో సరుకుని లారీలకెక్కించే విభాగం చూస్తాడు. పదకొండేళ్లుగా అదే కుర్చీలో ఉండటంతో అసలు పేరు అరిగిపోయి 'డిస్పాచ్' అన్నది మిగిలింది. కోపమొస్తే భార్య కూడా అలాగే పిలుస్తుంది. ఫ్యాన్ల కంపెనీలో ఎండాకాలం సెలవు అడిగితే ఎవరూ కోప్పడరు. ఒంట్లో బాగుందా అన్నట్టు పైనుంచి కిందిదాకా జాలిగా చూస్తారు, అంతే.

కానీ ఈసారి అడక్క తప్పదు. భార్య ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తుంది. బడి మూసేసిన మొదటి పదిహేను రోజులూ పిల్లల కోసం మూడేళ్లుగా ఆవిడే సెలవు పెడుతోంది. ఆ తర్వాత అమ్మమ్మ వచ్చి చూసుకుంటుంది. ఈ ఏడు సరిగ్గా సోమవారం నుంచి భార్యకు పదిహేను రోజుల ట్రైనింగ్ పడింది. పూర్తి చేస్తే ల్యాబుకి హెడ్డు. ఒక్క రోజు మానినా పేరు కొట్టేస్తారు.

"ఈసారి మీ వంతు. సెలవు దొరికిందన్న మాటతోనే సాయంత్రం ఇంటికి రండి," అంది ఆవిడ, చిన్న కూతురికి బూటు తొడుగుతూ.

"దొరక్కపోతే?"

"తలుపు మీరే తీసుకోవాలి. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది."

డిస్పాచ్ రాత్రే సెలవు చీటీ రాసిపెట్టుకున్నాడు. చేత్తోనే. టైపు చేసిన చీటీని వాళ్ల మేనేజరు ముట్టుకోడు. టైపులో అందరి కష్టమూ ఒకేలా కనిపిస్తుందట. ఆయనదో పద్ధతి. నోటీసు బోర్డు మీద ఆయన రాసే కాగితాల్లో 'అర్థం' అన్న మాట ఎక్కడొచ్చినా, థ మధ్య చుక్క ఉండాల్సిన చోట కాగితానికి చిల్లు ఉంటుంది. కలంతో అంత గట్టిగా ఎందుకు పొడుస్తాడో కంపెనీలో ఎవరికీ తెలీదు, అడిగే ధైర్యం అంతకన్నా లేదు.

ఇక రెండో కాగితం. పెద్ద కూతురికి తొమ్మిదేళ్లు. మాటకి మాట అప్పజెప్పడం చూసి ఇంట్లో అందరూ 'లాయరు' అంటారు. బడి ఆఖరి రోజు కాబట్టి క్లాసులో ప్రతివాళ్లూ టీచరుకి ఒక ఉత్తరం ఇవ్వాలి. లాయరుకి ఆ సంగతి జడ వేయించుకుంటుండగా గుర్తొచ్చింది.

"నాన్నా, నా తల అమ్మ చేతిలో ఉంది. నేను చెప్తా, నువ్వు రాయి."

"సరే. 'టీచర్ గారికి'..."

"వద్దు, అందరూ అదే రాస్తారు. 'పూజ్యులకు' అని పెట్టు."

డిస్పాచ్ రాశాడు. ఒక చేత్తో టిఫిను నోట్లో పెట్టుకుంటూ, ఏం రాస్తున్నాడో చూడకుండా రాశాడు. సంతకం బడికెళ్లి తనే పెడతానంది లాయరు. రెండు కాగితాలూ కంపెనీ వాళ్ల రెండు గోధుమరంగు కవర్లలోకి వెళ్లాయి. పైన పేర్లు రాద్దామని కలం మూత తీసేసరికి వీధిలో బడి బస్సు హారన్ మోగింది. ఇంకేముంది, ఒక కవరు పుస్తకాల సంచీలో పడింది, ఇంకోటి చొక్కా జేబులో దూరింది.

పది గంటలకు డిస్పాచ్ తన జేబులో కవరు మేనేజరు బల్ల మీద వినయంగా పెట్టి, చదివేదాకా ఆగకుండా బయటపడ్డాడు. మేనేజరు కవరు చించాడు.

'పూజ్యులకు, నేటితో మీ దగ్గర నా కాలం ముగిసింది. మీరు నన్ను చాలాసార్లు నిలబెట్టి తిట్టారు. అందులో సగం సార్లు తప్పు నాది కాదు, పక్కన కూర్చున్నవాళ్లది. అయినా నేను పేర్లు చెప్పలేదు. కోపమొస్తే మీ ముక్కు ఎర్రబడుతుంది. అప్పుడు నవ్వు ఆపుకోవడం నాకు చాలా కష్టమయ్యేది. రెండుసార్లు నిద్రపోయాను. మీరు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. అది ఎప్పటికీ మరిచిపోను. మీరు పైకి కఠినం గానీ లోపల మంచివారని అమ్మ అంటుంది. నాకూ అలాగే అనిపిస్తోంది, ఇంకా ఖాయం కాలేదు. ఇక సెలవు.'

మేనేజరు మూడుసార్లు చదివాడు. చేతిరాత డిస్పాచ్‌ది, సందేహం లేదు. రాజీనామాలు ఆయన చాలానే చూశాడు గానీ, ఇంత నిజాయితీగా రాసినది చూడలేదు. లేచి అద్దంలో ముక్కు చూసుకున్నాడు. తర్వాత ప్యాకింగ్ సూపర్వైజరుని పిలిపించాడు.

"డిస్పాచ్ పక్కన కూర్చునేది నువ్వే కదా?"

"అవును సార్."

"రాజీనామా ఇచ్చాడు. తప్పులు సగం పక్కవాళ్లవట. నీ పేరు మాత్రం చెప్పలేదు, పాపం."

సూపర్వైజరు రెండు చేతులూ జోడించాడు. "సార్, కిందటి నెల కూలర్లు తలకిందులుగా సర్దింది మేమే సార్! తిట్లు మాత్రం ఆయన తిన్నాడు!" అని అడక్కుండానే కక్కేశాడు.

సూపర్వైజరు బయటికొచ్చిన అరగంటలో డిస్పాచ్ వెళ్లిపోతున్నాడన్న కబురు కంపెనీ అంతా పాకింది. రిసెప్షన్ అమ్మాయి కేకుకి ఆర్డరు చెప్పింది. స్టోర్ కీపరు వచ్చి డిస్పాచ్ కుర్చీని రెండుసార్లు తిప్పి చూసి, "నువ్వెళ్లాక ఇది నాకిప్పించు, నా నడుము సంగతి నీకు తెలుసుగా," అన్నాడు. పెయింటింగ్ సెక్షన్ పెద్దాయనైతే రెండు చేతులూ పట్టుకుని ఎంతకీ వదల్లేదు.

పదిహేను రోజులకే ఇంత ప్రేమా అని డిస్పాచ్ ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ముందే తెలిస్తే ఏటా పెట్టేవాణ్ణి కదా అని కూడా అనుకున్నాడు. అంతలో మేనేజరు పిలిచాడు.

"కూర్చో. ఏమయ్యా, నా ముక్కు నిజంగా ఎర్రబడుతుందా?"

ఈ ప్రశ్న ఎటునుంచి వచ్చిందో డిస్పాచ్‌కి అంతు పట్టలేదు. "మీరు తెల్లగా ఉంటారు కదా సార్..." అని నీళ్లు నమిలాడు.

"దాచకు. నిన్ను చాలా బాధపెట్టాను. అయినా వదులుకోను. సోమవారం నుంచి నువ్వే నా డిప్యూటీ. ఇక ఈ గదిలో సెలవు అన్న మాట వినపడకూడదు!" అంటూ ఉత్తరాన్ని బల్ల మీద ముందుకి జరిపాడు.

డిస్పాచ్ చూపు 'పూజ్యులకు' దగ్గర ఆగిపోయింది. ఇది మా అమ్మాయిది సార్ అందామంటే మేనేజరు కళ్లు తడిగా ఉన్నాయి. ఊరుకుందామంటే ఇంటి తాళంచెవి కళ్లముందు ఆడుతోంది. డిప్యూటీ కావాలని పదకొండేళ్లుగా ఎదురుచూసినవాడు ఇప్పుడు దాన్నెలా వదిలించుకోవాలా అని ఆలోచిస్తున్నాడు. భార్య మూడేళ్లు ఒక్క మాట అనకుండా సెలవు పెట్టింది. ఆ సంగతి తలుచుకుంటే నిజంగానే సిగ్గేసింది.

"పిల్లల్ని తీసుకురావాలి సార్, ఇవాళ ఒంటిపూట బడి," అని మాత్రం చెప్పి బయటపడ్డాడు.

బడి గేటు దగ్గర టీచరమ్మ ఆయన కోసమే నిలబడి ఉంది. తల నెరిసి, కళ్లజోడు ముక్కు చివరికి జారి, చేతిలో గోధుమరంగు కవరుతో ఉంది. లాయరు, చిన్నది ఆవిడకి చెరోపక్కా నిలబడ్డారు.

"పదిహేను రోజులు సెలవడిగారు. మేం రెండు నెలలు ఇస్తున్నాం, చాలదా?" అందావిడ.

"క్షమించండి, కవర్లు మారిపోయాయి."

"అది తెలుస్తూనే ఉంది. సెలవిచ్చే అధికారం నాకు లేదు. తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండే అలవాటూ లేదు. తీసుకోండి."

ఇంటికెళ్లే వ్యవధి లేదు. డిస్పాచ్ ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని ఆఫీసుకొచ్చాడు. ఏమైనా సరే, నిజం చెప్పేసి చేతులు జోడిద్దామని మేనేజరు గదిలోకి అడుగుపెట్టాడు. నోరు తెరిచే అవసరం రాలేదు.

"అది నా ఉత్తరం! ఎవరు చదవమన్నారు?" అంది లాయరు, బల్ల వైపు వేలు చూపించి.

"నీదా?" అన్నాడు మేనేజరు. ముక్కు ఎర్రబడటం మొదలైంది.

"మా టీచరుకి రాశా. నాన్న చేత్తో రాయించా." ఆ పిల్ల ఆయన మొహంలోకి పరీక్షగా చూసింది. "మీ ముక్కు కూడా అచ్చం అలాగే అవుతోందండీ!"

చిన్నది కిసుక్కున నవ్వింది. డిస్పాచ్ కళ్లు మూసుకుని, ఇక దాచి లాభం లేదని గోధుమరంగు కవరు బల్ల మీద పెట్టాడు. మేనేజరు విసురుగా కాగితం బయటికి లాగాడు. 'నా పరిస్థితి అర్ధం చేసుకుని పదిహేను రోజులు సెలవు ఇప్పించగలరు' అన్న వాక్యం చుట్టూ ఎర్ర సిరాతో గీత ఉంది. పక్కన గుండ్రటి అక్షరాలు.

'అర్ధం అంటే సగం. పరిస్థితిని సగమే చేసుకుంటే ఏడున్నర రోజులే వస్తాయి. థ లో చుక్క పెట్టాలి.'

మేనేజరు మెల్లగా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో ముందు ఆయనకే తెలిసినట్టు లేదు.

"ఈవిడ... కళ్లజోడు ముక్కు చివర ఉంటుందా?"

"ఎప్పుడూ అక్కడే," అంది లాయరు.

"నాలుగో క్లాసులో నాచేత ఈ మాట వందసార్లు రాయించింది. తొంభై తొమ్మిది చుక్కలు లెక్కపెట్టి, ఒకటి తక్కువైందని మళ్లీ మొదటినుంచి రాయించింది." మేనేజరు చెయ్యి తనంతట తనే కలం మూత తీసింది. ఎర్ర సిరా కింద చిన్నపిల్లాడంత జాగ్రత్తగా రాశాడు. 'పూర్తిగా అర్థం చేసుకున్నాను. పదిహేను రోజులు ఇస్తున్నాను.' చుక్క దగ్గర కాగితానికి చిల్లు పడింది.

"డిప్యూటీ సంగతి సార్?" అన్నాడు డిస్పాచ్, ఎంతైనా ప్రాణం ఒప్పక.

"ఉత్తరం నీది కాదుగా. ఈ అమ్మాయి చదువయ్యాక పంపించు, చూద్దాం."

అప్పటికే కేకు వచ్చేసింది. ఎవరూ వెళ్లిపోవడం లేదని తెలిశాక కూడా అందరూ మనస్ఫూర్తిగా తిన్నారు, కుర్చీ పోయిన స్టోర్ కీపరు తప్ప. సాయంత్రం తలుపు భార్యే తీసింది. చిల్లుపడిన చీటీ తీసుకుని చదివింది. చాన్నాళ్లకి ఆయన్ని కూర్చోబెట్టి తనే టీ పెట్టిచ్చింది.

ఆవిడ ట్రైనింగ్ ఒక్క రోజూ మానకుండా పూర్తిచేసి హెడ్డయింది. ఇక డిస్పాచ్ సెలవంటారా, ఆయన బదులు లారీలు చూసింది ప్యాకింగ్ సూపర్వైజరు. ఏ లారీ ఎటో, ఏ పెట్టె ఏ వైపు పైకో తెలీక, రోజూ పొద్దున లేచింది మొదలు మధ్యాహ్నం దాకా ఫోన్లే ఫోన్లు. ఆ పూటంతా ఇల్లు లాయరు చేతిలో, ఫోను తండ్రి చెవిలో. ఆఖరి రోజు సాయంత్రం ఆ పిల్ల పలక తెచ్చి పద్దు కట్టింది.

"రోజుకి పూట చొప్పున నాన్నా, నీకు మొత్తం ఏడున్నర రోజులు సెలవొచ్చింది."

టీచరమ్మ దిద్దింది గానీ, మొదట చీటీలో తను రాసిన 'అర్ధం' అన్న మాటే సరైనదని డిస్పాచ్‌కి అప్పుడు అర్థమైంది, చుక్కతో సహా.