మేజర్ చేసిన ఉపవాసం

పశువుల ఆసుపత్రులన్నీ వెంటనే మూసేయాలి! డాక్టర్లకు శాలువా కప్పి ఇళ్లకు పంపేయాలి. వాళ్లు చదివింది మహా అయితే ఐదేళ్లు. కొండపల్లిలో మరియదాసు గారు పెంచింది అరవై ఏళ్లు! కోళ్లు, మేకలు, ఒక చిలక, ఏడు కుక్కలు. ఏది గొప్పో మీరే చెప్పండి.

థర్మల్ స్టేషన్‌లో రిటైరయ్యాక ఆయన ఆ అనుభవాన్నంతా వాట్సాప్ గ్రూపుకు ధారపోస్తున్నారు. రోజూ పొద్దున్నే ఐదున్నరకు నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్! దీన్ని న్యూసెన్స్ అనేవాళ్లూ ఉన్నారు. కృతఘ్నులు! ఫీజు లేదు, టోకెన్ లేదు, మనం అడగాల్సిన పని కూడా లేదు. ఈ రోజుల్లో అడక్కుండా ఇచ్చేవాళ్లు ఎంతమంది ఉన్నారు?

ఆయన సిద్ధాంతాలన్నిటికీ తలమానికం తపస్సు కాలం సిద్ధాంతం. విభూది బుధవారం నుంచి ఈస్టర్ దాకా ఆ ఇంట్లో నీచు వండరు. కుక్కకూ పప్పన్నమే. ఆయనే దగ్గరుండి పెడతారు. ఇరవై ఏళ్లలో మూడు కుక్కల మీద ఆయన కనిపెట్టింది ఏమిటంటే, ఆ నలభై రోజుల్లో కుక్క చిక్కదు. పైగా ఒళ్లు చేస్తుంది! బొచ్చు నిగనిగలాడుతుంది!

"మాంసంలో ఏముందండీ? బలమంతా పప్పులోనే ఉంది," అని గ్రూపులో ప్రకటించేశారు.

గ్రూపు పాటించింది. సంజీవరావు గారి పమేరియన్ రెండ్రోజులు పప్పన్నం తిని, మూడో రోజు ఆయన లెదర్ చెప్పు తినేసింది. ఆయన లబోదిబోమంటే మరియదాసు గారు ఓదార్చారు. "తోలు వేరు, మాంసం వేరండీ. ఉపవాసం చెడలేదు, కంటిన్యూ చేయండి." ఇంత సూక్ష్మం ఏ వెటర్నరీ కాలేజీలో చెబుతారు?

ఈ ఏడు మాత్రం ఏదో తేడా వచ్చింది. తపస్సు కాలం మొదలైన మూడో వారానికి, ఆయన ప్రస్తుత కుక్క మేజర్ పక్కటెముకలు లెక్కపెట్టేలా అయిపోయింది. పేపరబ్బాయిని చూసి మొరగడం మానేసింది. మరియదాసు గారు పప్పు పెంచారు. మేజర్ గిన్నె వాసన చూసి, ముఖం తిప్పుకుని పడుకుంది.

ఆయనకు భయం వేసింది. ఆటోలో ఒళ్లో పెట్టుకుని గవర్నర్‌పేట పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడి డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, "జబ్బేమీ లేదండీ. దీనికి తిండి చాలట్లేదు. రోజూ గుడ్డో, కాస్త చికెనో పెట్టండి," అంది. నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల! అరవై ఏళ్ల అనుభవానికి చెబుతుందా? ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు.

కానీ ఇంటికొచ్చాక మెట్ల మీద మేజర్ పక్కనే కూలబడ్డారు. దాని వీపు మీద చెయ్యి వేస్తే ఎముకే తగిలింది. తన చేతులారా దీన్ని పోగొట్టుకుంటానేమోనని ఆయనకు దిగులు పట్టుకుంది. అరవై ఏళ్లలో నేర్చుకున్నదాంట్లో ఒక్కటీ పనికి రాలేదు.

సరిగ్గా అప్పుడే పక్కింటి ముందు ఆటో ఆగింది. ఆ ఇంటి వెంకటరత్నమ్మ గారు పామర్రులో అక్కగారి కాలు విరిగితే సాయానికి వెళ్లి, నెల తర్వాత వస్తోంది. భర్త బసవపున్నయ్య గారు తాళం తీస్తున్నారు. ఆవిడ చేతి బుట్టలో వాళ్ల పిల్లి.

మేజర్ లేచింది! తోక ఊపుకుంటూ గేటు కింద నుంచి దూరి, పక్కింటి పెరట్లోకి వెళ్లి, వంటగది గుమ్మం దగ్గర బోర్లించిన సొట్ట గిన్నె ముందు కూర్చుంది. మరియదాసు గారు వెనకే పరిగెత్తారు.

"అయ్యయ్యో, ఎంత చిక్కిపోయావురా నాన్నా! నేను లేకపోతే నీకు ముక్క పెట్టే దిక్కే లేకపోయిందా?" అంటూ గిన్నె తిప్పిన వెంకటరత్నమ్మ గారు, తలెత్తి ఆయన్ని చూసి నాలిక కరుచుకుంది.

"ఎన్నాళ్ల నుంచమ్మా?" అన్నారాయన.

"ఇరవై ఏళ్ల కిందట మీ పాత కుక్క రాజా ఉన్నప్పటి నుంచీ అన్నయ్య గారూ. తపస్సు కాలమంతా మధ్యాహ్నం పూట వదిన గారే పెట్టమన్నారు."

గోడ అవతల నుంచి ఆయన భార్య అమలమ్మ తల పైకి లేచింది.

"మీ ఉపవాసం మీరు చేయండి, కాదన్లేదు. అదేం పాపం చేసిందండీ?"

 మరియదాసు గారికి వేరే అనుమానం వచ్చింది. "కార్తీకమాసంలో మా పిల్లి పాలన్నం తినే ఇంత పుష్టిగా ఉంటుంది" అని బసవపున్నయ్య గారు ఏటా చెబుతారు. మరి ఆ నెలంతా తమ ఇంట్లో చేప తలకాయలు ఏమవుతున్నట్టు? అమలమ్మ వైపు చూశారు. ఆవిడ చప్పున గోడ కిందికి దిగిపోయింది. ఆయనకు నవ్వు ఆగలేదు.

మర్నాడు ఐదున్నరకు వాయిస్ మెసేజ్ వచ్చింది. "మిత్రులారా! తపస్సు మనుషులకు, కుక్కలకు కాదు. రోజూ గుడ్డు పెట్టండి. ఇది నా అరవై ఏళ్ల అనుభవంతో చెబుతున్న మాట."

అరవై రెండు లైకులు. అందులో రెండు వెంకటరత్నమ్మ గారివి, అమలమ్మవి.

కాబట్టి పాఠకులారా, అనుభవజ్ఞుల మాట తప్పకుండా వినండి! కాకపోతే వాళ్ల కుక్క మధ్యాహ్నం పూట ఎవరి పెరట్లోకి వెళ్తుందో కూడా ఒకసారి చూసి రండి.