గోంగూర మడిలో వెండి

ఆ ఆదివారం భ్రమరాంబ పెట్టుకున్న పని చిన్నదే. వెండి మట్టితో ఒక జత లోలాకులు చేసి, గ్యాసు మీద కాల్చి, సాయంత్రం మహిళా మండలికి పెట్టుకెళ్లడం. వెండి మట్టి అంటే వెండి పొడిని జిగురుతో కలిపిన ముద్ద. కావలసిన ఆకారం చేసి ఆరబెట్టి కాలిస్తే జిగురు పోయి అచ్చమైన వెండి మిగులుతుంది. తమ్ముడి చేత విశాఖ రైల్లో తెప్పించుకుంది. లోలాకులు ఎండలో పెట్టి, మిగిలిన ముద్ద ఆరిపోకుండా కాస్త నీళ్లు చిలకరించి ప్లాస్టిక్ సంచిలో బిగించి గూట్లో పెట్టింది.

చిక్కంతా ఆ సంచితోనే వచ్చింది. బైలడిల్లా కొండ కింది ఆ ఇనుప గని కాలనీలో ఆవాలు, చింతపండు, పిన్నీసులు ఏ ఇంట్లోనైనా ల్యాబు సంచుల్లోనే ఉంటాయి. భ్రమరాంబ మొగుడు సూర్యారావు ఉద్యోగమే ల్యాబులో కాబట్టి వాళ్లింట్లో మరీనూ. పెరట్లో గోంగూర ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నాయని, పరీక్ష చేయిద్దామని, ఆయనా పిడికెడు మడి మట్టిని అలాంటి సంచిలోనే పోసి అదే గూట్లో పెట్టాడు. డ్యూటీకి వెళ్తూ చూడకుండా ఒకటి పట్టుకుపోయాడు.

మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "పెరట్లోకి ఎవర్నీ రానీకు. మన మట్టిలో వెండి పడింది. మా ల్యాబు కుర్రాడు సోమారు కొలిమిలో పెట్టి తీస్తే తెల్లగా ముద్ద వచ్చింది."

"అయ్యో, అది నా..."

ఆయన అప్పటికే పెట్టేశాడు. గూట్లో మడి మట్టి సంచి భద్రంగా ఉంది.

సాయంత్రానికి భూగర్భ శాఖ మిశ్రాగారు టేపుతో, మనుషులతో దిగి గోంగూర మధ్యలో మేకు కొట్టించారు. "రేపు మిషన్ వస్తుంది మేడం. మొదటి బోరు ఇక్కడే."

భ్రమరాంబకు ఏడుపొచ్చింది. ఇనుప నేలలో ఏదీ బతకదని అందరూ అంటుంటే, అడవి అంచు నుంచి మట్టి బుట్టలతో మోయించి పెంచుకున్న మడి అది.

"అది నేను కొనుక్కున్న మట్టండీ."

"మట్టి ఎవరు కొంటారు మేడం? కవర్ చూపించండి."

కవరును పనిమనిషి ఉప్పలమ్మ పొద్దున్నే నీళ్ల పొయ్యిలో వేసేసింది. తెలంగాణ సరిహద్దులోని మరైగూడ మనిషి, అమ్మగారి కష్టం చూడలేక సాక్ష్యానికి ముందుకొచ్చింది. "నిజమే సారూ. పొద్దుగాల అమ్మ మట్టి పిసుకుతాంటే నేను సూసిన."

"ఆ మట్టి ఎక్కడిది?"

"ఏంది సారూ గట్లడుగుతరు? ఈ ఇంట్లదే."

ఇక మాటలతో లాభం లేదనుకుని భ్రమరాంబ అందర్నీ వంటింట్లోకి పిలిచి, ఆరిన లోలాకులు జల్లెడ మీద పెట్టి స్టవ్ వెలిగించింది. పొగ వచ్చింది, ఎర్రబడ్డాయి. చల్లారాక ఇత్తడి బ్రష్‌తో రుద్దితే తళతళలాడాయి.

"చూశారుగా, ఇదీ సంగతి" అంటూ గెలిచిన మొహంతో చెవులకు పెట్టుకుంది.

మిశ్రాగారు చాలాసేపు చూశారు. "చూశాను మేడం. ల్యాబులో కొలిమి కావలసి వచ్చింది. ఇక్కడ వంట గ్యాసుకే వెండి దిగుతోంది." బయటికి వెళ్లి ఇంకో నాలుగు మేకులు కొట్టించారు.

రాత్రి భోజనాల దగ్గర ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. సూర్యారావు ముద్ద నోట్లో పెట్టుకోకుండా విన్నాడు. "నెమ్మదిగా మాట్లాడు. నాకు ప్రమోషన్ అంటున్నారు."

మర్నాడు మిషన్ పెరడంతా తొలిచింది. ఎంత లోతుకు పోయినా ఇనుమే. మిశ్రాగారు గుంతల మధ్య నిలబడి తీవ్రంగా ఆలోచించి, చివరికి భ్రమరాంబ చెవుల వైపు చూశారు.

"ఉన్న వెండంతా మేడం ముందే తీసేశారు. గని భూమిలో దొరికింది కంపెనీదే అవుతుంది, ఏమనుకోకండి."

భ్రమరాంబ లోలాకులు తీసి ఆయన చేతిలో పెట్టింది. గోంగూర మాత్రం పూర్తిగా ఆమె సొంతమని మిశ్రాగారు అందరి ముందూ ఒప్పుకున్నారు, కాకపోతే అప్పటికి అది లేదు.