దేవమణి పంపిన పదకొండు మెయిళ్లు

మా ఆవిడ దేవమణి పాతపట్నం ఆసుపత్రిలో నర్సు. నేను చీపురుపల్లిలో గుమస్తాను. మూడేళ్లుగా మా కాపురం శనివారం సాయంత్రం బస్సు దిగి, సోమవారం తెల్లారే బస్సెక్కేస్తోంది.

మిగతా రోజుల్లో నాకు తోడు మెయిళ్లే. రోజుకు అరవై, అన్నీ ప్రకటనలు. నా అడ్రసు ఎవరు పంచిపెడుతున్నారో పట్టుకుందామని ఒక ఉపాయం చేశాను. ఏ కొట్లో మెయిల్ అడిగినా, నా పేరు పక్కన ప్లస్ గుర్తు పెట్టి ఆ కొట్టు పేరు చేర్చి ఇచ్చాను. అలా రాసినా ఉత్తరం నాకే వస్తుంది. వారం తిరక్కుండా పెళ్లిసంబంధాల వాళ్లు రాశారు: ‘శాంతికుమార్ ప్లస్ చెప్పులు గారికి తగిన వధువు సిద్ధం.’ దొంగ దొరికాడు. చెప్పులు మాత్రం అప్పటికే తెగిపోయాయి.

ఆ ఊపులో ఒక రూలు కూడా పెట్టాను. ‘అర్జెంటు’, ‘మర్చిపోవద్దు’, ‘ఆఖరి అవకాశం’ అనే మాటలుంటే ఆ మెయిల్ నా కంటపడకుండా నేరుగా చెత్తబుట్టలోకి పోవాలి. మర్నాటికి ఇన్‌బాక్సు కడిగిన పళ్లెంలా ఉంది.

పగలు వార్డులో ఫోన్లో మాట్లాడ్డం కుదరదని దేవమణి విషయాలన్నీ మెయిల్లోనే రాస్తుంది. చూశావా అని రాత్రి ఫోన్లో అడిగేది. రాలేదంటే సరిగ్గా వెతకలేదంటుందని, చూశాన్లే అనేవాణ్ణి.

ఒక గురువారం మా ఆఫీసరు తిరుమలరావు గారు పిలిచారు. నేనిక్కడ పనిచేస్తున్నట్టు సర్టిఫికెట్టు కావాలని మా ఆవిడ ఫోన్ చేసిందట. బదిలీ దరఖాస్తుకు నిన్ననే ఆఖరి రోజట. నిన్న సాయంత్రంలోగా పంపేశాను, కంగారుపడకండి అన్నారు.

ఏం బదిలీ అని అడిగే ధైర్యం లేక సీటుకొచ్చి చెత్తబుట్ట తెరిచాను. ప్లస్ చెప్పులు గారి వధువుల మధ్య దేవమణివి పదకొండు ఉన్నాయి. ‘మర్చిపోవద్దు బావా.’ ‘ఆఖరి అవకాశం: ఇద్దరం ఒక్క ఊళ్లో ఉండడానికి నీ సర్టిఫికెట్టు కావాల.’ ఇంకోటి, ‘అర్జెంటు: అన్నం తిన్నావా?’



శనివారం గంట ముందే బస్టాండుకెళ్లి, ఆమె దిగగానే జరిగిందంతా చెప్పేశాను.

“నాకు తెల్దేటి బావా. పోయిన ఆదివారం నువ్వు పడుకున్నప్పుడు నీ ఫోన్లో సెత్తబుట్ట సూసేను” అంది.

“మరి నన్నడక్కుండా మా ఆఫీసర్నెందుకు అడిగినావు?”

“నిన్నడిగితే సూసేన్లే అంటావు.”

నెల తిరిగేసరికి చీపురుపల్లికి బదిలీ అయింది. ఆమె సామానుతో బస్సు దిగుతుంటే, రూలు తీసేశానని చెప్పాను.

“ఇంక మెయిలెందుకు బావా. ఎదురుగా నిలబడే సెప్తాను. ముందీ పెట్టె అందుకో” అంది.

అందుకున్నాను. మూడేళ్ల సామాను, నడుం పట్టేసింది. ఇల్లు చేరేదాకా ఆ మాట పైకి అనలేదు.